కొట్టేసిన ఆరో కారణం

పుంటికూర తొక్కుకు, అదే గోంగూర నిల్వపచ్చడికి, బూజు పడితే దానికి కారణాలుంటాయి. నేను నాచారంలో ఒక ఫ్యాక్టరీ క్వాలిటీ విభాగంలో పనిచేస్తాను. సరుకు చెడితే కారణాలు వరసగా రాసి, ఒక్కొక్కటీ పరీక్షించి, కానివాటిని కొట్టేయడమే నా ఉద్యోగం. మా ఇంట్లో మాత్రం పరీక్ష లేకుండానే కారణం తేలిపోయింది: మా వదిన.

మిద్దె మీద పన్నెండు తొట్లలో పుంటికూర పెంచింది ఆమే. ఉప్పల్ మార్కెట్‌లో మేం కట్ట కొని ఏడాది దాటింది. తొక్కు పెట్టిన రోజు ఎండ ఎక్కకముందే లేత కొమ్మలు తుంచింది. ఆకు దూసి, మూడుసార్లు కడిగి, పాత నూలు చీర మీద నీడలో ఆరబోసింది. తడి పూర్తిగా పోయాక నూనెలో మగ్గించి, ఎండుమిర్చి, మెంతులు, ఉప్పు దంచి కలిపి, వెల్లుల్లి తాలింపు పెట్టింది. నాకు చెప్పిన పని ఒక్కటే: జాడీ కడిగి ఎండబెట్టడం.

పదకొండో రోజు అమ్మ మూత తీసింది. అంచు పొడవునా తెల్లటి బూజు.

"జాడీ నింపిననాడు నీకు ముట్టొచ్చిందా?" అని వదినను అడిగింది.

"నింపినంక వచ్చింది అత్తమ్మా. పొద్దుమీకి."

"వచ్చేది ముందుగాల ఒంటికి తెల్వదా? జాడీల చెయ్యి పెట్టకుంటె ఏం పోయింది నీకు?"

అన్న అక్కడే కూర్చుని, ఒక చేత్తో ఫోన్ చూసుకుంటూ అన్నం తింటున్నాడు. పెళ్ళాన్ని అంత మాట అంటుంటే తలెత్తలేదు.

నాకు జాడీ గుర్తొచ్చింది. కడిగి, గుడ్డతో తుడిచి, పది నిమిషాలు ఎండలో పెట్టి, షిఫ్టుకు టైమవుతోందని తెచ్చి వదిన చేతికిచ్చాను. పూటంతా ఎండాల్సిన జాడీ అది. బూజు కూడా లోపలి అంచున, నా గుడ్డ సరిగా అందని చోటే మొదలైంది.

"అమ్మా, తప్పు నాది. జాడీ ఆరలే."

"నువ్వు ఊకో. మీ వదినను ఎనకేసుకొస్తున్నవ్."

"ఎనకేసుకొచ్చుడు కాదే, నిజంగ నేనే జేసిన!"

"మొగపిల్లగాని చెయ్యి తగిలితే తొక్కు ఖరాబైతదారా?" అని నవ్వింది.

ఆ నవ్వుకు నా ఒళ్ళు మండిపోయింది. నేను చేసిన తప్పు, నేనే ఒప్పుకున్నా, నాది కాలేదు. అది కూడా ఆమె మీదికే పోయింది.

కోపంలో నాకు తెలిసిన పనే చేశాను. కాగితం మీద కారణాలు రాశాను. ఆకులో తడి, జాడీలో తడి, ఉప్పు చాలకపోవడం, నూనె పైకి తేలకపోవడం, తడి గరిటె. ఆరోది వదిన చెయ్యి. దాని మీద ఎర్ర పెన్నుతో రెండు గీతలు కొట్టి, జాడీలో తడి చుట్టూ సున్నా చుట్టి, అమ్మ చూడాలని వాకిలికి ఎదురుగా ఉన్న ఫ్రిజ్ తలుపుకు అంటించాను.

ఇంట్లో ముందు చూసింది వదిన.

"ఆరోది ఎందుకు రాసినవ్?"

"కొట్టేసేటందుకే వదినా. సూడు, రెండు గీతలు."

"తడి గరిటె పక్కన నేనా? కొట్టేసేటందుకైనా నన్ను రాయాల్నా? మీ అమ్మ ఇంట్ల అన్నది. నువ్వు గోడకెక్కిచ్చినవ్. పాలాయన సుత సదివి పోయిండు."

కాగితం చించేశాను. అప్పటికి చించి ఏం లాభం? అప్పటిదాకా అమ్మ మీద, అన్న మీద ఉన్న కోపం పూర్తిగా నా వైపు తిరిగింది.

రెండు వారాలకు పైగా ఆమె మిద్దె ఎక్కలేదు. నీళ్ళు నేనే పోశాను. ఆకు ముదిరి, కొమ్మలకు మొగ్గలొచ్చాయి. ఒక ఆదివారం పొద్దున, గంపెడు ఆకుతో ఆమె మెట్లు దిగి వచ్చింది.

"అత్తమ్మా, ఇయ్యాల నాకు రెండో రోజు. తొక్కు నేనే పెడుతున్న. తినేటోళ్ళు తినుండ్రి."

అమ్మ లోపలికి పోయి తలుపేసుకుంది. "ఇప్పుడెందుకే ఈ లొల్లి?" అన్నాడు అన్న. వదిన అతని వైపు చూడనైనా చూడలేదు. జాడీ కడుగుదామని నేను లేచాను.

"నువ్వు కూసో," అన్నది.

నెల దాటింది. తొక్కు బాగుంది. అమ్మ ఇంకా దాన్ని ముట్టుకోలేదు. దుకాణం నిమ్మకాయ తొక్కు తెప్పించుకుంటోంది. అన్న రోజూ రెండుసార్లు వడ్డించుకుని "మస్తున్నది" అంటాడు. ఆ నోటికి ఆ ఒక్క మాటే వచ్చు. వదిన నాతో మామూలుగానే మాట్లాడుతుంది. మిద్దె మీది పని మాత్రం ఏదీ చెప్పదు.