నూటికి ముప్పై ఒకటి

ఆ ఫుట్‌బాల్ క్లబ్బులో బట్టలగది చూసుకునే మనిషిని అందరూ సూది బాబాయ్ అంటారు. చిరిగిన జెర్సీలూ ఊడిపోయిన బూటు కుట్లూ ఆయన సూదితో మళ్లీ ప్రాణం పోసుకుంటాయి కాబట్టి ఆ పేరు వచ్చిందని కొత్తవాళ్లు అనుకుంటారు. పాతవాళ్లకు అసలు సంగతి తెలుసు. ఆ పేరు ఆయన నాలుకకు పెట్టింది. ఆయనకు ముక్కు మీద కోపం, నోట్లో నువ్వుగింజ నానదు. రిఫరీ మీద కోపం, వాన మీద కోపం, బురద బూట్లతో గదిలోకి వచ్చేవాళ్ల మీద కోపం. ఇరవై ఆరేళ్లుగా ఆ కోపంతోనే ఆయన జట్టుకు బట్టలు ఉతికి, ఆరబెట్టి, మడతపెట్టి ఇస్తున్నాడు. ఏ ఒక్కడూ ఏనాడూ తడి మేజోడు తొడుక్కుని మైదానంలోకి దిగలేదు.

ఆయన పద్ధతి ఆయనది. డ్రెస్సింగ్ రూములో రెండు గోడలకూ కలిపి ఇరవై రెండు కొక్కేలున్నాయి. కొక్కెం నంబరే ఆటగాడి జెర్సీ నంబరు. బట్టలన్నీ ముందుగానే కొక్కేలకు వేలాడదీసి ఉంచుతాడు, ఆటగాళ్లు వచ్చి తమ కొక్కెం కింద కూర్చుని వేసుకుంటారు. ఈ లెక్కకు లొంగనివాళ్లు ఇద్దరే. మూడో నంబరు డిఫెండరు, ఎడమ పక్కంతా కాపలా కాసేవాడు. ఒక్కచోట నిలబడడు కాబట్టి చీమ అని పేరు. ఇరవై రెండో నంబరు జట్టులోకెల్లా పెద్దవాడైన రెండో గోల్‌కీపరు. వాణ్ణి గోడ అంటారు. ఇరవై రెండో కొక్కెం గది చివర, మూడు మెట్లు ఎక్కి వెళ్లే మూలలో ఉంది. గోడ మోకాలు రెండేళ్ల కిందట దెబ్బతింది. మెట్లెక్కలేక వాడు పళ్లు బిగబట్టడం చూసి చీమే, "అన్నా, నువ్వు ఇక్కడ కూర్చో, నేను పైకి పోతా" అని తలుపు పక్కనున్న తన మూడో కొక్కెం వదిలేశాడు. అప్పటినుంచీ మూడో నంబరు జెర్సీ ఇరవై రెండో కొక్కేనికీ, ఇరవై రెండోది మూడో కొక్కేనికీ వేలాడుతున్నాయి. జెర్సీల విషయంలో బాబాయ్ నిద్రలో కూడా తడబడడు.

ఇంతలో క్లబ్బును ఒక రంగుల ఫ్యాక్టరీ యజమాని కొన్నాడు. కొత్త ఛైర్మన్ ఎక్కడో ఒక పెద్ద జట్టు ఆడుతుంటే చూసి వచ్చాడు, వచ్చినప్పటినుంచీ కుదురుగా కూర్చోలేదు. మన జట్టును ప్రపంచంలోని మేటి ఆటగాళ్లతో పోల్చి చూడాలట. పోల్చడానికి ఒక లెక్కలాయన్ని తెచ్చాడు. పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టుందని బాబాయ్ మొదటిరోజే అన్నాడు, ఛైర్మన్‌కు వినిపించేంత గట్టిగానే అన్నాడు. ఆయన విననట్టు ఊరుకున్నాడు.

లెక్కలాయన తనతో ఇరవై రెండు చిన్న పెట్టెలు తెచ్చాడు, ఒక్కొక్కటీ అగ్గిపెట్టెంత. జెర్సీ లోపల వేసుకునే బిగుతు బనీనులో, వీపు దగ్గరున్న జేబులో ఆ పెట్టె దూర్చాలి. ఎంత దూరం పరిగెత్తాడు, ఎంత వేగంగా పరిగెత్తాడు, ఎన్నిసార్లు ఆగి నిలబడ్డాడు, అన్నీ అది చెబుతుంది. ఆరు వారాలపాటు రోజూ సాధనలో అందరూ వేసుకోవాలి. బనీన్లకు నంబర్లు లేవు, పెట్టెలకు మాత్రం అడుగున ఆవగింజంత అంకెలున్నాయి. పెట్టెల్ని రాత్రికి ఛార్జింగ్ పళ్లెంలో వరసగా పెట్టడం, పొద్దున బనీన్లలో దూర్చడం సూది బాబాయ్ పని.

ఆ పెట్టెలంటే బాబాయ్‌కి ఒళ్లుమంట. "ఎవడు పరిగెత్తుతున్నాడో ఎవడు ఎగ్గొడుతున్నాడో వాడి మేజోళ్లు పిండితే నాకు తెలుస్తుంది, దానికి ఈ డబ్బా దేనికి?" అని గొణుక్కుంటూనే పని కానిచ్చేవాడు. ఆ పనికి కళ్లజోడు పెట్టుకోవడం కూడా దండగ అనుకున్నాడు. పళ్లెంలోంచి ఒకటోది తీసి ఒకటో కొక్కెం బనీనులో, రెండోది రెండో కొక్కెం బనీనులో, అలా ఇరవై రెండు దాకా. ఆరు వారాలూ అంతే.

ఏడో వారం సోమవారం పొద్దున్న ఛైర్మన్ అందర్నీ క్యాంటీనులో కూర్చోబెట్టాడు. గోడమీద పెద్ద పట్టిక వెలిగింది. లెక్కలాయన పక్కన నిలబడ్డాడు. సన్నటి మనిషి, మాట్లాడేటప్పుడు ఎవరి మొహమూ చూడడు.

"ఇందులో వంద అంటే ఆ స్థానంలో ఆడేవాళ్లలో ప్రపంచంలోకెల్లా మేటి ఆటగాడు" అన్నాడు ఛైర్మన్. "మనవాళ్లు వందకి ఎంత దూరంలో ఉన్నారో చూడండి. నలభై కంటే తక్కువ వచ్చినవాళ్లని వచ్చే సీజనుకి ఉంచుకోను. నాకు ఎవరిమీదా కోపం లేదు. అంకెలు చెప్పిందే చేస్తా."

నలభైకి తక్కువ వచ్చింది ఒక్కడికే. మూడో నంబరు. నూటికి ముప్పై ఒకటి. పక్కన ఎర్ర అక్షరాలతో 'శ్రమ తక్కువ' అని రాసి ఉంది.

చీమ పట్టికకేసి చూస్తూ ఉండిపోయాడు. వాడికి ముప్పై ఏళ్లు. పన్నెండో ఏట నుంచీ ఈ ఆట తప్ప ఇంకో పని నేర్చుకోలేదు. ఇక్కడ తీసేస్తే ఈ వయసులో చేర్చుకునే క్లబ్బు లేదు. ఈ క్లబ్బులో ఉన్న ఏడేళ్లలో వాడు సాధనకు ఆలస్యంగా వచ్చిన రోజు ఒక్కటీ లేదు. అలాంటివాడికి శ్రమ తక్కువట.

సూది బాబాయ్ ఒంటికాలి మీద లేచాడు.

"నక్కెక్కడ, నాకలోకమెక్కడ అండీ? ఆ మేటిగాళ్లకి తివాచీ లాంటి మైదానాలు. మనకున్న ఒక్కదాంట్లో సగం గడ్డి, సగం గుంటలు. వాళ్లు విమానం దిగి ఆడతారు, మనవాళ్లు ఐదు గంటలు బస్సులో నడుములు విరగ్గొట్టుకుని దిగి ఆడతారు. పోలికకి కూడా ఓ పొంతన ఉండొద్దూ? అయినా వీడికి శ్రమ తక్కువా? వీడి మేజోళ్లకి నెలకి ఎన్నిసార్లు మడమ కుడతానో నన్నడగండి!"

"బాబాయ్, నువ్వు బట్టల సంగతి చూసుకో" అన్నాడు ఛైర్మన్.

"కందకి లేని దురద కత్తిపీటకెందుకు, ఊరుకో" అని కోచ్ ఆయన చెయ్యిపట్టి లాగాడు. కోచ్‌కు తన ఉద్యోగం మీద భయం. లెక్కలాయన వచ్చినప్పటినుంచీ ఆయన ఛైర్మన్‌కు ఎదురు చెప్పడం లేదు.

"నిరాశపడకండి" అన్నాడు ఛైర్మన్ ఉత్సాహంగా. "ప్రపంచ మేటిని దాటేసినవాడు కూడా మన దగ్గర ఒకడున్నాడు. పరుగులో ప్రపంచపు మేటి గోల్‌కీపరుకి వంద అయితే, మన ఇరవై రెండో నంబరుకి నూట నలభై! రత్నాన్ని బెంచీ మీద కూర్చోబెట్టుకున్నాం ఇన్నాళ్లూ. ఇంకో రెండేళ్లు అతను ఇక్కడే ఉంటాడు."

చప్పట్లు కొట్టారు. గోడ తల వంచుకుని బూటులేసులు చూసుకుంటున్నాడు. మెట్లు దిగేటప్పుడు పక్కకు తిరిగి ఒక్కో కాలూ ఆనించే మనిషి ప్రపంచాన్ని పరుగులో ఓడించాడట! సూది బాబాయ్‌కి పొట్టచెక్కలయ్యే నవ్వొచ్చింది. అంత గట్టిగా నవ్వాడు. సగంలో ఆ నవ్వు ఆగిపోయింది.

మూడు. ఇరవై రెండు.

ఆయన బట్టలగదికి వెళ్లి కళ్లజోడు వెతికి పెట్టుకున్నాడు. కళ్లజోడు వెతికి పెట్టుకున్నాడు. పొద్దున తాను ఎప్పటిలాగే కొక్కేలకు తగిలించిన బనీన్లను ఒక్కొక్కటే చూసుకుంటూ వచ్చాడు. గోడ బనీనులో మూడో నంబరు పెట్టె ఉంది. చీమ బనీనులో ఇరవై రెండోది. ఆరు వారాలూ చీమ పరుగంతా గోడ ఖాతాలో పడింది, గోడ కుంటుకుంటూ వేసిన అడుగులన్నీ చీమ ఖాతాలో పడ్డాయి. చేసింది లెక్కలాయనా కాదు, ఛైర్మనూ కాదు. తన చేతులే. ఆయన తన మీద తనకు వచ్చిన కోపంతో బల్లను ఒక్క తన్ను తన్నాడు. కాలే నొప్పి పుట్టింది.

బస్టాండులో టికెట్ల కిటికీ దగ్గర పనిచేసే భార్యకు ఫోను చేశాడు. ఆమె అంతా విన్నది.

"చెప్తే మిమ్మల్ని ఊరుకుంటారా?"

"ఊరుకోరు."

"చెప్పకపోతే మీరు ఊరుకుంటారా?"

ఆయన చీమ బనీనులోంచి ఇరవై రెండో పెట్టెను బయటికి తీశాడు.

"మరి నాకెందుకు చేశారండీ ఫోను? కిటికీ దగ్గర ఇరవైమంది నిలబడ్డారు. వెళ్లి చెప్పండి. అరవకుండా చెప్పండి, అదొక్కటీ నా కోసం చెయ్యండి" అని పెట్టేసింది.

అరవకుండా చెప్పాలనే ఆయన మేడమీది ఆఫీసుగదికి వెళ్లాడు. అక్కడ ఛైర్మన్, కోచ్‌ల పక్కన కూర్చున్న లెక్కలాయన మొహం చూడగానే ఆ ఒట్టు తీసి గట్టున పెట్టాడు.

"ఏమయ్యా, గోలీ అనేవాడు రెండు కర్రల మధ్య నిలబడతాడు! వాడు అందరికంటే ఎక్కువ పరిగెత్తాడని నీ మర చెప్తే, ఒక్కసారి కిటికీలోంచి మైదానంకేసి చూద్దామని నీకు అనిపించలేదూ?"

"నేను మనుషుల్ని చూడనండీ" అన్నాడు లెక్కలాయన శాంతంగా. "చూస్తే ఇష్టాయిష్టాలు వస్తాయి. అంకెలే చూస్తాను."

"అయితే ఆ అంకెలు మార్చింది నేను! కావాలని కాదు. కళ్లజోడు పెట్టుకోకుండా, నీ పెట్టెల మీది మంటతో, చూడకుండా దూర్చేశాను. మూడు ఇరవై రెండయింది, ఇరవై రెండు మూడయింది. తప్పు నాది. నన్ను తీసెయ్యండి. చీమని మాత్రం ఉంచండి."

 లెక్కలాయన వేళ్లు ఎదురుగా ఉన్న కంప్యూటరు మీద కదిలాయి. రెండు వరసలూ తారుమారయ్యాయి. చీమకు అరవై ఆరు వచ్చింది. ఎర్ర అక్షరాలు పోయాయి. బాబాయ్‌కి ఊపిరి ఆడినట్టయింది. అప్పుడు చూశాడు, ఎర్రరంగు పట్టిక అడుగుకు దిగింది. ఇరవై రెండో నంబరు, నూటికి పద్దెనిమిది. గోలీల కొలతలో దూరం కంటే వేగానికే మార్కులెక్కువట.

"సరే" అన్నాడు ఛైర్మన్. "మూడో నంబరు ఉంటాడు. ఇరవై రెండో నంబరు వెళ్తాడు."

"అదేంటండీ? గోడ ఉన్నది పరిగెత్తడానికి కాదు కదా! మొదటి గోలీకి బంతి పట్టడం నేర్పింది ఎవరనుకున్నారు? ఓడినరోజు ఆ గదిలో అందర్నీ కూర్చోబెట్టి మాట్లాడేది ఎవరు? దానికి మీ పట్టికలో గడి ఏదీ?"

"అంకెలు తప్పన్నావు, సరిచేశాం. సరిచేస్తే ఇది వచ్చింది. ఇప్పుడు ఇదీ తప్పంటావా?"

"నాకూ ఒక వరస గీయండి మరి! ప్రపంచంలోకెల్లా మేటి బట్టలగదివాడితో పోల్చి సున్నా వెయ్యండి. మీకూ ఒకటి గీయించుకోండి, ప్రపంచంలోకెల్లా మేటి ఛైర్మన్‌తో!"

కోచ్ కళ్లు మూసుకున్నాడు. ఛైర్మన్ మొహం ఆయన ఫ్యాక్టరీలోని ఎరుపంతా పూసుకుంది. "ఆ పెట్టెల్ని నువ్వింక ముట్టుకోకు. బట్టలు ఉతుక్కో. అతనికి ఉత్తరం పంపిస్తాం."

"ఉత్తరం వద్దు. నేనే చెప్తాను. నా చేత్తో చేసింది నా నోటితో చెప్తాను."

డ్రెస్సింగ్ రూములో గోడ ఒక్కడే ఉన్నాడు, తలుపు పక్కన మోకాలి మీద మంచుసంచి పెట్టుకుని. సూది బాబాయ్ ఎదురుబల్ల మీద కూర్చున్నాడు. 

"నిన్ను తీసేస్తున్నార్రా. నా వల్లే. పెట్టెలు మార్చి పెట్టేశాను. ఇందాక వెళ్లి ఒప్పుకున్నాను. చీమ బయటపడ్డాడు, నువ్వు పోయావు. నన్ను ఏమంటావో అను, పడతాను."

గోడ మంచుసంచిని అటూ ఇటూ జరుపుకున్నాడు.

"నాకు తెలుసు బాబాయ్."

"ఏం తెలుసు?"

"రెండో వారంలోనే తెలుసు. బనీను విప్పుతుంటే పెట్టె జారి కింద పడింది. అడుగున మూడు అని ఉంది. నీకు చెబుదామనే అనుకున్నా. ఆ సాయంత్రమే లెక్కలాయన, నీ అంకెలు చాలా బాగున్నాయి అన్నాడు. ఈ మోకాలు విరిగాక నాకు ఆ మాట ఎవరూ అనలేదు. ఇవాళ చెప్పొచ్చులే, రేపు చెప్పొచ్చులే అనుకుంటూ తేలు కుట్టిన దొంగలా ఉండిపోయా."

"పొద్దున వాడి పక్కన ఎర్ర అక్షరాలు పడ్డప్పుడు?"

"అప్పుడు కూడా."

సూది బాబాయ్‌కి ఇరవై ఆరేళ్లలో వచ్చిన కోపాలన్నీ వేరు, ఇది వేరు.  ఛైర్మన్‌కు ఆట తెలియదు, లెక్కలాయనకు మనుషులు తెలియదు, తాను కళ్లజోడు పెట్టుకోలేదు. వీడికి అన్నీ తెలుసు. తనకోసం రోజూ మూడు మెట్లు ఎక్కుతున్నవాడి కూడు పోతుంటే, చప్పట్లు వింటూ బూటులేసులు చూసుకున్నాడు. అంతకంటే ఎక్కువగా ఆయన్ని కాల్చింది ఏమిటంటే, ఇంత విన్నాక కూడా వీణ్ణి తీసెయ్యడం అన్యాయమనే అనిపించడం. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుంది.

"లే" అన్నాడు చివరికి. "చీమ బయట మైదానంలోనే ఉన్నాడు. తనది తప్పేమో అని ఒంటరిగా పరిగెత్తుతున్నాడు వెర్రినాగన్న. వాడికి ఇంకా ఏమీ తెలియదు. పద, చెబుదాం. నా తప్పు నేను చెప్తా. నీది నువ్వు చెప్పు."

"ఏ మొహం పెట్టుకుని చెప్పను బాబాయ్?"

"వాడి చోట కూర్చున్నావే, ఆ మొహమే పెట్టుకుని చెప్పు."

గోడ బల్ల పట్టుకుని లేవబోయాడు. మొదటిసారి లేవలేకపోయాడు. మామూలుగా అయితే సూది బాబాయ్ తిట్టుకుంటూనే చెయ్యి అందిస్తాడు. ఇవాళ ఇవ్వలేదు. రెండోసారికి గోడ తనంతట తానే లేచి నిలబడ్డాడు.

బాబాయ్ ముందు నడిచాడు. ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు. వెనకాల ఆ కుంటి అడుగుల చప్పుడు వస్తోందా, ఆగిపోయిందా అని మాత్రం వింటూ నడిచాడు.