బోర్డు మూల కుక్క

తెనాలి పెయింటరు రాజారత్నానికి ఒకే ఒక్క జబ్బు. ఏ బోర్డు రాసినా దాని మూల ఒక కుక్కని వెయ్యకుండా ఉండలేడు.

అదీ ఏదో ఒక కుక్క కాదు. ఒక చెవి నిక్కబొడుచుకుని, రెండోది వాలిపోయి, ముందుకాలికి తెల్ల మేజోడు తొడిగినట్టుండే గోధుమరంగు కుక్క. అచ్చం వాళ్ళింటి గుమ్మంలో పడుకునే కుక్కే. ఎనభైల్లో తెనాలి బజారులో తిరిగినవాళ్ళెవరికైనా అది తెలుసు. ఐస్ ఫ్యాక్టరీ బోర్డు మీద వణుకుతూ, పళ్ళ డాక్టరు బోర్డు మీద పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతూ, ఎరువుల కొట్టు బోర్డు మీద వరిచేలో పీకలదాకా మునిగి కనిపించేది.

బోర్డు చూసుకుని మండిపడుతూ ఇంటిమీదికొచ్చే వాళ్ళందరికీ మంచినీళ్ళిచ్చి చల్లబరచవలసింది మాత్రం రాజారత్నం భార్య పుష్పలత. పగలంతా బడిలో పిల్లలకి పాఠాలు చెప్పి రావడం, సాయంత్రం ఈ పెద్దవాళ్ళకి సర్దిచెప్పడం. పాపం, ఆవిడకి రెండు బళ్ళు!

ఒకరోజు చీరల కొట్టు హనుమంతరావు ఊగిపోతూ వచ్చాడు. బోర్డు మీద పట్టుచీర కట్టుకున్న అమ్మాయి, ఆమె పమిటచెంగు మీద హాయిగా పడుకున్న కుక్క.

"చీరల కొట్టుకి కుక్కేంటయ్యా? సిగ్గులేదూ?"

"కోప్పడకండి బాబాయ్ గారూ. మీ పట్టు ఎంత మెత్తగా లేకపోతే అది అక్కడ పడుకుంటుంది చెప్పండి? కుక్కకి అబద్ధాలు రావండి!" అంది పుష్పలత మంచినీళ్ళ గ్లాసు అందిస్తూ.

హనుమంతరావు మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయాడు. వారం తిరగకుండా ఆడవాళ్ళు 'కుక్క పడుకున్న చీర' చూపించమని ఎగబడితే, అలాంటి బోర్డు ఇంకోటి రాసిపెట్టమని కబురంపాడు.

చర్చిలో మరీ ఘోరం. క్రిస్మస్ నాటకానికి వేసిన తెర మీద జ్ఞానులు ఒంటెలెక్కి వస్తుంటే, వాళ్ళకంటే ముందు తోకెత్తుకుని కుక్క!

"దారి చూపించింది నక్షత్రం కదయ్యా రాజారత్నం!" అన్నారు పాస్టరు గారు తల పట్టుకుని.

"నక్షత్రం పైనుంచి చూపించిందండి అయ్యగారూ. కింద గుంటలెవరు చూపిస్తారండి?"

పుష్పలత ఆ రోజు ఆరాధన అయ్యేదాకా ముసుగు తియ్యలేదు. ఇంటికొచ్చి తేల్చి చెప్పేసింది.

"ఇంట్లో ఆ కుక్కయినా ఉండాలి, నేనైనా ఉండాలి!"

రాజారత్నం ఆలోచనలో పడ్డాడు. ఆలోచించాల్సిన విషయమా అది! ఆవిడకి ఒళ్ళు మండిపోయింది.

ఆ కుక్క వచ్చింది కూడా చిత్రంగానే. ఒకనాడు రేపల్లె ప్యాసింజర్లో అతను తిరిగొస్తుంటే బల్ల కింద ముడుచుకుని కనిపించింది. తెనాలిలో పెట్టె ఖాళీ అయింది, అది మాత్రం కదల్లేదు. చంకనేసుకుని ఇంటికి తెచ్చాడు. ఊళ్ళోని గోడలన్నిటి మీదికీ ఎక్కించిన మనిషి, దానికో పేరు మాత్రం పెట్టలేదు. "అబ్బాయ్" అని పిలిచేవాడు. పేరేంటని ఎవరన్నా అడిగితే, "ఉండే ఉంటుందండి ఏదో ఒకటి" అనేవాడు. ఇంకో పిచ్చేంటంటే, తెనాలిలో చేతినిండా పనున్నా వదిలేసి రేపల్లెలో సోడాల కొట్టు, చుండూరులో సైకిల్ షాపు, ఆఖరికి బాపట్లలో మందుల షాపు వెతుక్కుంటూ వెళ్ళి మరీ బోర్డులు రాసొచ్చేవాడు.

బాపట్ల బోర్డు రాసొచ్చిన కొన్నాళ్ళకి, ఒక ఆదివారం సాయంత్రం, తెల్లచీర కట్టుకున్న ఒక పెద్దావిడ గుమ్మం ముందు రిక్షా దిగింది.

"ఏమ్మా, బోర్డులు రాసే రాజారత్నం గారిల్లు ఇదేనా?" అని పుష్పలతని అడుగుతూనే, గుమ్మంలో కుక్కని చూసి బొమ్మలా నిలబడిపోయింది.

"దొరబాబూ!" అని అరిచింది.

అంతే! కుక్క ఎగిరి నీలంరంగు డబ్బా తన్నేసి, ఆ రంగు కాళ్ళతోనే ఆవిడ మీదికెక్కి, చీరంతా ముద్రలేసి, ఏడుపో నవ్వో తెలియని గొంతుతో మూలిగి, చివరికి ఆవిడ పమిటచెంగు మీదే చతికిలపడింది. అచ్చం హనుమంతరావు బోర్డులోలాగే.

ఆవిడ పేరు మాణిక్యాంబ. బాపట్ల స్టేషను దగ్గర టిఫిన్ హోటలు నడుపుతుంది. "చెల్లెల్ని చూద్దామని రేపల్లె వెళ్తే స్టేషన్లో జనంలో తప్పిపోయాడమ్మా. ఊరంతా వెతికా. రైలెక్కేశాడని అనుకోలా. మొన్న మందుల షాపు ముందు తలెత్తేసరికి, బోర్డు మీంచి నన్నే చూస్తున్నాడు నా తండ్రి! ఎవరు రాశారో షాపులో అడిగి వచ్చా."

"ఉండండమ్మా! దొరబాబేంటి? అది మా కుక్క!" అంది పుష్పలత గట్టిగా. అన్నాక తనే ఉలిక్కిపడింది.

"వాళ్ళదే పుష్పా," అన్నాడు రాజారత్నం నెమ్మదిగా. "దాని మనుషులు ఎవరో ఒకరు చూస్తారనేగా ఇన్నాళ్ళూ వేసింది."

పుష్పలత అతని వైపు తిరిగింది. "మరి కుక్క దొరికిందని రాసెయ్యొచ్చుగా!"

"రాస్తే నాదంటే నాదని పదిమందొస్తారు. మొహం చూసి పరిగెత్తుకొచ్చేవాళ్ళు దాని వాళ్ళే."

"పేరన్నా పెట్టలేదేం?"

"వాళ్ళు పెట్టే ఉంటారుగా. ఇంకోటి పెడితే అసలుది మర్చిపోదూ?" అంటూ దాని వాలిన చెవి నిమిరాడు. చెయ్యి తియ్యడానికి చాలాసేపు పట్టింది. "ఉప్మా పెడితే జీడిపప్పు ఏరుకుని తింటాడండి. తిట్టకండి," అని మాత్రం అనగలిగాడు. పుష్పలత లోపలికెళ్ళి తన పాత నేతచీర మడతపెట్టి తెచ్చింది. ఇన్నాళ్ళూ కుక్క దేనిమీద పడుకునేదో ఆవిడకి బాగానే తెలుసు.

మాణిక్యాంబ వాళ్ళిద్దరినీ మార్చి మార్చి చూసింది. "నా హోటలుకీ ఓ బోర్డు కావాలి. ఇద్దరూ రావాలి. వచ్చారుగదాని అంతటితో సరిపెట్టనమ్మా, వస్తూనే ఉండాలి," అంది.

తరువాతి ఆదివారం చర్చి కాగానే ఇద్దరూ బాపట్ల వెళ్ళారు. రాజారత్నం నిచ్చెనెక్కి మాణిక్యాంబ పేరు రాశాడు, పొగలు కక్కే ఇడ్లీలు వేశాడు, దిగి చేతులు తుడుచుకున్నాడు.

పుష్పలత బోర్డుని ఆ చివర్నుంచి ఈ చివరిదాకా చూసింది.

"కుక్కేదండీ?"

"ఇంకెందుకే? అదుగో, దాని ఇంటికది చేరిందిగా." నిచ్చెన కింద పాత నేతచీర మీద దొరబాబు గుర్రు పెడుతున్నాడు.

"మూల బోసిగా ఉంది. వెయ్యండి."

"ఎవరికోసం?"

"మనకోసమేనండి. మళ్ళీ వచ్చినప్పుడు మనం తప్పిపోకూడదుగా!"

దిగిన రాజారత్నం మళ్ళీ నిచ్చెనెక్కాడు.