అక్కకు అప్పజెప్పిన వాక్యం

మా తోడికోడలిని నేను అక్కా అని పిలుస్తాను. ఇంట్లో ఆవిడ గొంతు లేస్తే కుక్కరు కూడా కూత ఆపుతుంది. మా బావగారైతే పేపరు చాటుకు తప్పుకుంటారు. అంతటి మనిషి పనిలో అడుగుపెడితే నోట్లో నాలుక లేనట్టే ఉండేది. ఇంట్లో పులి, వీధిలో పిల్లి అని నేను ఏడిపించేదాన్ని. ఆవిడ నవ్వేది కాదు.

మేమిద్దరం పనిచేసేది ఆసుపత్రుల దుప్పట్లు ఉతికే లాండ్రీలో. ఉతికిన దుప్పటిని వేడి రోలర్ల మధ్యకు పంపితే అటువైపు ఇస్త్రీ అయి వస్తుంది. దాన్ని బల్లకు చెరోవైపు నిలబడి మడతపెట్టడం మా పని. అక్కడికి మేనేజరుగా వచ్చినాయనకు మేం చాటుగా పెట్టుకున్న పేరు అద్దం సారు. డ్రయ్యర్ల గాజు తలుపుల్లో తన మొహం చూసుకుని జుట్టు సవరించుకోనిదే ఒక్క అడుగు ముందుకు వేసేవాడు కాదు. అంతవరకే అయితే నవ్వుకుని ఊరుకుందుం. కానీ బాగుపడిన ప్రతి పనీ ఆయన ఆలోచన, చెడిపోయిన ప్రతి పనీ మా చేతకానితనం. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లనే రకం.

రోజూ పొద్దున్నే మమ్మల్ని వరసగా నిలబెట్టి తన గొప్పలు చెప్పుకుని, చివర్లో "ఎవరికైనా అభ్యంతరమా?" అనేవాడు. ఎవరూ పలక్కపోతే "అందరూ ఒప్పుకున్నట్టే" అని తేల్చేసేవాడు. అక్క ఒకసారి పలికింది. కిటికీలు తెరిస్తే ఆవిరి బయటికి పోతుంది సార్ అంది. ఎంత చక్కగా చెప్పావమ్మా అని అందరి ముందూ మెచ్చుకున్నాడు. మర్నాడే ఆవిణ్ణి తడి గదిలో, నీళ్లోడే దుప్పట్లు ఎత్తే పనిలో వేశాడు. వానాకాలమంతా అక్కడే ఉండి, నడుం పట్టుకుని తిరిగొచ్చింది. "ఊరుకున్నంత ఉత్తమం లేదు, బోడిగుండంత సుఖం లేదు" అని బావగారు హితబోధ చేశారు. లాండ్రీ హాల్లో కూడా అందరికీ అదే మంత్రమైపోయింది.

రోలర్ల ముందు ఒక ఇనుప కడ్డీ ఉంటుంది. చెయ్యి దానికి తగిలితే యంత్రం టక్కున ఆగుతుంది. దుప్పటి ముద్దకట్టి తగిలినా ఆగుతుంది. అలా ఆగడం అద్దం సారుకు గిట్టలేదు. కడ్డీ కదలకుండా తీగతో కట్టించేశాడు. పని జోరందుకుంది. కొన్నాళ్లకు బాబాయ్ చెయ్యి లోపలికి పోయింది. బాబాయ్ మాకు చుట్టం కాదు. రోలర్ల దగ్గర పనిచేసే తలనెరిసిన మనిషి, అందరికీ బాబాయే. వేళ్లు కాలిపోయాయి. "నిద్రమొహం వేసుకుని పనిచేస్తే ఇంతే" అన్నాడు అద్దం సారు. నెలాఖరుకు పనిలోంచి తీసేస్తానని, అప్పటిదాకా చేతి కట్టుతోనే వచ్చి దుప్పట్లు లెక్కపెట్టమని కూడా చెప్పేశాడు. నాకు ఒళ్లు మండిపోయింది. అయినా ఎవరం పలకలేదు.

ఈలోగా యజమానురాలు లాండ్రీ చూడ్డానికి వస్తోందని తెలిసింది. ఆవిడ ముందు అనడానికి అద్దం సారు ఒక్కొక్కరికీ ఒక్కో వాక్యం అప్పజెప్పాడు. అక్క వంతుకు వచ్చిన వాక్యం, "సార్ వచ్చాక మాకు ఏ ఇబ్బందీ లేదు."

ఆ ఉదయం అక్క ఉల్లిపాయలు తరుగుతూ దాన్ని వల్లెవేసింది. సగానికి రాగానే ఆపేసి కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

"ఉల్లిపాయల ఘాటా అక్కా?" అన్నాను.

"నా మొహం! బాబాయ్ ఎదురుగానే నిలబడి ఉంటాడే. ఆ కట్టు చూస్తూ ఎలా అనమంటావ్?"

"అనకపోతే మళ్లీ తడి గదే."

"తడి గదైతే అదృష్టం. ఈసారి గేటు బయటే."

ఇద్దరి పనీ పోతే ఇల్లు ఎలా గడుస్తుందో మాకిద్దరికీ తెలియదు. డబ్బాలు సర్దుకుని బయల్దేరాం.

యజమానురాలు వచ్చింది. అద్దం సారు కొత్త చొక్కాలో మెరిసిపోతూ ఆవిణ్ణి రోలర్ల దగ్గరికి తీసుకొచ్చాడు. "ఈ యంత్రం ఇప్పుడు ఎక్కడా ఆగదు మేడమ్. ఇంజనీర్లకు కూడా తట్టలేదు. అచ్చంగా నా ఆలోచన!" అన్నాడు. తర్వాత మావైపు చెయ్యి ఊపాడు. ఒకరిద్దరు తమ వాక్యాలు చెప్పారు. అక్క వంతు వచ్చింది.

"ఎందుకు ఆగదో కూడా చెప్పండి సార్" అంది అక్క.

ఆయన మొహంలో నవ్వు అలాగే ఉండిపోయింది. అక్క యజమానురాలి వైపు తిరిగింది.

"ఆ కడ్డీని తీగతో కట్టేశారమ్మా. చెయ్యి తగిలినా ఇప్పుడది ఆగదు. మా బాబాయ్ చెయ్యి లోపలికి పోయినప్పుడూ ఆగలేదు. ఆయన నిద్రపోలేదు, సారే తొందరపడ్డారు. ఇప్పుడేమో ఆయన్నే పనిలోంచి తీసేస్తామంటున్నారు."

అది అచ్చంగా మా వంటింటి గొంతు. హాలు ఆ చివరిదాకా వినబడింది. భయపడుతూనే ఉన్నా, అంత గర్వం నాకు ఏనాడూ కలగలేదు.

"ఈవిడకు మొదట్నుంచీ నోరెక్కువ మేడమ్" అని నవ్వేశాడు అద్దం సారు. మా వైపు తిరిగి, "ఈ మాట ఇంకెవరైనా అంటారా?" అన్నాడు. మా మౌనం మీద ఆయనకు అంత నమ్మకం. రోజూ పలకనివాళ్లు ఇవాళ మాత్రం ఎందుకు పలుకుతారని ధీమా.

"నేనంటాను" అన్నాను.

"నేనూ" అన్నాడు డ్రయ్యర్ల దగ్గరి మనిషి. తడి గది ఆడవాళ్లు చేతులు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చి మేమూ అన్నారు. మెకానిక్ ముందుకు జరిగి, "కట్టింది నేనే మేడమ్. వద్దంటే వినకుండా సార్ దగ్గరుండి కట్టించారు" అన్నాడు. ఆ తర్వాత ఎవరు ఏమంటున్నారో తెలియనంత గోల.

"అది నా ఆలోచన కాదు, ఈ మెకానిక్‌ది!" అని అరిచాడు అద్దం సారు.

ఒక ఆలోచన తనది కాదని ఆయన నోట వినడం మాకదే మొదలు. హాలంతా గొల్లున నవ్వింది. యజమానురాలు మాత్రం నవ్వలేదు. "ఇప్పుడేగా అచ్చంగా మీదే అన్నారు?" అంది. ఆవిడ యంత్రం ఆపించి, దగ్గర నిలబడి తీగ కోయించింది. బాబాయ్ పని ఎక్కడికీ పోదని అక్కడే అందరి ముందూ చెప్పింది. ఆ వారంలోనే అద్దం సారు తన సామాను సర్దుకుని వెళ్లిపోయాడు.

తీగ కోసిన రోజు సాయంత్రం అక్క ఇంటికొస్తూనే మంచం మీద కూలబడింది. బావగారు కిక్కురుమనకుండా కాఫీ కలిపి తెచ్చారు. ఆ అద్భుతం కూడా నేను కళ్లారా చూశాను.

చెయ్యి నయమయ్యాక బాబాయ్ మళ్లీ రోలర్ల ముందు నిలబడ్డాడు. ముందుగా మచ్చలు పడ్డ వేళ్లతో ఆ కడ్డీని మెల్లగా తాకాడు. యంత్రం టక్కున ఆగింది. నడిపించి మళ్లీ తాకాడు. మళ్లీ ఆగింది. మేమంతా చేతుల్లో పని వదిలేసి చూస్తున్నాం. ఆయన చిన్నపిల్లాడిలా నవ్వుతూ ఇంకోసారి చెయ్యి చాచాడు.

"ఆడుకుంది చాలు బాబాయ్, దుప్పట్లు పంపు!" అని కేకేసింది అక్క, హాలంతా అదిరేలా.