చెడగొట్టడం రాని చెయ్యి

ఆవిడది మంచి హస్తవాసి అని మొదట ఎవడన్నాడో గానీ, వాడి నోరు పడిపోను, ఆ ఒక్క మాటతో మనిషిని పదకొండేళ్లు కిటికీ లేని గదిలో కూర్చోబెట్టాడు.

పని చెప్పుకోవడానికి చిన్నదే. రబ్బరులా సాగే పారదర్శకపు షీటు మీద, కంటికి ఆనని వెండి తీగలు కలిపిన ద్రవాన్ని సమంగా పూయాలి. ఆరాక అందులోంచి కరెంటు పారుతుంది, అవతలి అక్షరాలూ కనిపిస్తాయి. ఒంటికి అంటించుకునే పరికరాలకు అదే కావాలి. పూసిన షీటును యంత్రానికి బిగించి, దానికో చిన్న బుల్బు తగిలించి, మళ్లీ మళ్లీ లాగి వదులుతారు. బుల్బు వెలిగినంతసేపూ బాగున్నట్టు, ఆరిపోతే పూత చిట్లినట్టు. మిగతావాళ్లు పూసినవి వంద లాగుళ్లకే చతికిలబడేవి. ఆవిడవి ఐదువందలు దాటేవి. ఇంకేం, వదులుతారా?

పైఅంతస్తులో ప్యాకింగ్ సెక్షన్. నాలుగు కిటికీలు. ఆవిడ అక్క అక్కడే పనిచేస్తుంది. బదిలీకి ఆరుసార్లు అర్జీ పెట్టుకుంటే ఆరుసార్లూ సూపర్‌వైజరు నవ్వేసి, "నీ చెయ్యి బంగారం తల్లీ. నువ్వెళ్తే మేమేం కావాలి?" అన్నాడు. ఊపిరాడక చస్తున్నాను అనాల్సింది పోయి, సరే సార్ అని వచ్చేసేది.

"బాగా చేస్తున్నంతకాలం నిన్నెందుకు వదుల్తారే పిచ్చిదానా?" అంది అక్క. "నాలుగు రోజులు చెడగొట్టు. వాళ్లే పంపుతారు."

సోమవారం ఆవిడ గుండె రాయి చేసుకుని చేయకూడని పని చేసింది. షీటును ముందే బలంగా లాగి బిగించి, దాని మీద పూసింది. ఆరాక వదిలేసరికి పూత నిండా సన్నటి ముడతలు. ఇది పది లాగుళ్లు కూడా నిలవదని, ఎన్నాళ్లకో హాయిగా ఊపిరి పీల్చుకుంది.

వంద అయింది. ఐదువందలు. రెండు వేలు. లాగితే ముడతలు విచ్చుకుంటున్నాయి, వదిలితే ముడుచుకుంటున్నాయి, పూతకు చీమ కుట్టినట్టయినా లేదు. ఆరిపోవే, ఆరిపోవే అని బుల్బును లోలోపలే బతిమాలుకుంది. ఐదు వేల దగ్గరా అది వెలుగుతూనే ఉంది.

పెద్ద ఇంజినీరు పరుగున వచ్చాడు. "ఎలా చేశావమ్మా?"

"చెడగొడదామని, లాగి పూశాను సార్."

అందరూ పగలబడి నవ్వారు.

"నన్ను పైకి పంపించండి సార్. ఈ గదిలో ఉండలేకపోతున్నాను." పదకొండేళ్లలో మొదటిసారి ఆ మాట పైకి అంది.

"ఇప్పుడా?" ఆయన నిజంగానే ఆశ్చర్యపోయాడు. "లాగడం ఎవరైనా లాగుతారు. ఆ పూత ఎవరు పూస్తారమ్మా? ఏదీ, ఇంకొకటి చెయ్యి, చూద్దాం."

కొత్త షీటు తెచ్చి ముందు పెట్టారు. ఈసారి నిజంగా పాడుచేద్దామనే అనుకుంది ఆవిడ. చేతులు అప్పటికే షీటును లాగి, అంచులు సరిచూసి, బిగిస్తున్నాయి.