ఫోనుకు అప్పజెప్పిన నడక

మెదక్ కాలేజీ గ్రౌండులో పొద్దున్నే నడవడం నేను మళ్ళీ మొదలుపెట్టింది షుగర్ భయంతో. ఆ సంగతి తెలిసి, మా భజనలో ఇరవై ఏళ్ళు నా పక్కన ఢోలక్ వాయించిన దోస్తు భార్య మా ఇంటికి వచ్చింది. ఆయనకు పక్షవాతం వచ్చి అప్పటికి నాలుగు నెలలు. ఎడమ కాలు ఈడుస్తున్నాడు. రోజూ నడిస్తేనే ఆ కాలు దారికొస్తుందని దవాఖానలో చెప్పారట.

"నువ్వెట్లైనా పోతున్నవ్ గదన్నా. జర ఆయనను గూడ తోల్కపో. నేను లేపితే లేస్తలేడు."

తీసుకుపోయాను. మొదటి రోజు సగం చుట్టుకే కూలబడ్డాడు. రెండో రోజు ఇంకేం చేయాలో తెలియక చేతి తాళాలు జేబులో వేసుకుపోయి, ఒక తత్వం ఎత్తుకున్నాను. తాళం పడ్డప్పుడల్లా ఆ కాలు కొంచెం లేచింది. మా భజనలో ఒక పద్ధతి ఉంది. తాళం పట్టినవాడు గుంపులో అందరికంటే పెద్దాయన ఊపిరి చూసుకొని వేగం పెట్టాలి. ఇక్కడ నేను ఆయన కాలును చూసేవాణ్ణి. అది ఆలస్యమైతే నా తాళం ఆగేది. నెల తిరిగేసరికి రెండు చుట్లు పూర్తిగా తిరిగాడు.

"ఏందిరా, పెండ్లిపిల్లను నడిపిచ్చినట్టు నడిపిస్తున్నవ్!"

"నీ అసొంటి పెండ్లిపిల్లను ఎవడు చేస్కుంటడు? నడువ్."

అప్పుడే నేను స్మార్ట్‌వాచ్ కొన్నాను. గ్రౌండులో నడిచేవాళ్ళం రోజూ ఎన్ని అడుగులు వేశామో వాట్సాప్ గ్రూపులో పెట్టేవాళ్ళం. అందరికంటే కింద నేనే. టీ బండి దగ్గర ఒక రిటైర్డ్ సారు, "ఏమన్నా, నడుస్తున్నవా, చీమలను తొక్కకుంట జరుగుతున్నవా?" అన్నాడు. అందరితో పాటు నేనూ నవ్వాను. కానీ ఆ మాట లోపల పుండులా సలిపింది.

మర్నాడు మా భజన రికార్డింగును దోస్తు ఫోనులో వేశాను. ఒక యాప్‌తో దాని వేగం కొంచెం పెంచాను కూడా. నిదానంగా ఉంటే బద్ధకిస్తాడని నాకు నేను చెప్పుకున్నాను. అది అబద్ధం. ఆయన చుట్లు తొందరగా అయిపోవాలని నా కోరిక.

"దీని వెంబడి నడువు. నేను నాలుగు చుట్లు కొట్టొస్త."

"నువ్వుండవా?"

"పాట నాదే గదరా, ఇంకేంది?"

మూడో రోజు పడిపోయాడు. పాట అందుకోబోయి కాలు మెలిపడింది. పడేముందు రెండుసార్లు నన్ను పిలిచాడని తర్వాత ఎవరో చెప్పారు. నేను అవతలి వైపు, చెవుల్లో ఇయర్‌ఫోన్లతో, వాచీలో పెరుగుతున్న అంకె చూసుకుంటూ నడుస్తున్నాను. మనుషులు పరుగెత్తడం చూసి వెళ్ళేసరికి, కిందపడ్డ ఆయన జేబులో నా గొంతు ఇంకా పాడుతూనే ఉంది.

తుంటి ఎముక విరిగింది. హైదరాబాద్ తీసుకుపోతుంటే, తూప్రాన్ దాటినా ఆయన నా చెయ్యి వదల్లేదు.

"ఎట్ల పడ్డడన్నా?" అని దవాఖానలో ఆయన భార్య అడిగింది.

"రాయి తాకింది చెల్లె."

"నువ్వు పక్కకుంటివి గావట్టి సరిపోయింది."

 ఆ తర్వాత ఎన్నోసార్లు వాళ్ళింటికి పండ్లు పట్టుకుపోయాను. అసలు సంగతి మాత్రం ఒక్కసారీ చెప్పలేదు. ఇక ఆయన నడవడం కష్టమేనని డాక్టర్లు తేల్చిన తర్వాత, పోయిన వారం, ఆయన మంచం పక్కనే నిలబడి ఆమెకు అంతా చెప్పాను.

ఆమె వింటూ దుప్పటి మడత పెట్టింది.

"ఆయన ఆనాడే చెప్పిండన్నా. నువ్వెన్నడు చెప్తవో అని చూసిన. చెప్తే ఏమేం అనాల్నో గూడ అనుకొని పెట్టుకున్న. ఇప్పుడొక్కటి యాదికొస్తలేదు."

దోస్తు నా వైపు చూడలేదు. గోడవైపు ఒత్తిగిలాలని చూశాడు, తనంతట తాను తిరగలేకపోయాడు. నేను చెయ్యి చాచాను. ఆమె నన్ను దాటుకొని వెళ్ళి, ఆయనను పట్టి తిప్పింది.