మా డ్రిల్లు సార్ రాసిన వయసు

మా డ్రిల్లు సార్ ఇక లేరు. మొన్న ఆదివారం రామంతాపూర్‌లో కూటం ముగించి లేఖనాలు సంచిలో పెట్టుకుంటుంటే, ఉప్పల్ నుంచి వచ్చిన ఒక చెల్లె, "అక్కా, మీ నాచారం బడి డ్రిల్లు సారు పోయిన్రంట. నిన్ననే మట్టి అయిపోయిందంట" అన్నది. అప్పటిదాకా నరకాగ్ని గురించి గర్జిస్తూ వాక్యం చెప్పిన నేను, సంచి అక్కడే మరిచి బస్సెక్కాను.

మీలో చాలామందికి ఆయన తెలియదు. సన్నటి మనిషి. బుగ్గన లవంగం. సైకిల్ దిగినా ప్యాంటుకు పెట్టిన క్లిప్పులు తీయడం మర్చిపోయి పొద్దుగూకేదాకా అట్లాగే తిరిగేవారు. ఆడపిల్లకు తొక్కుడుబిళ్ల చాలనుకునే రోజుల్లో, ఎక్కడో శిక్షణకు పోయి వచ్చి మాకు సాఫ్ట్‌బాల్ నేర్పారు. అంపైర్ అటు తిరిగి ఉన్నాడు కదా అని మేము దారిలో తొక్కి పోవాల్సిన బేసు దిండును తొక్కకుండా ఉరికితే, "ఆయన సూడకపోతే సూడకపాయె, తొక్కినవో లేదో నీ కాలుకు ఎరుకే గద బిడ్డా" అనేవారు.

నన్ను బడిలో వేసుకున్నదీ ఆయనే. చెయ్యి తలమీదుగా తిప్పి అవతలి చెవి అందుకుంటే బడి వయసు వచ్చినట్టు లెక్క. నా చెయ్యి చెవి దాటి మెడ దాకా పోయింది. "ఏండ్లు మీరినయమ్మా, ఒకటో తరగతిల తీసుకోరు" అన్నారు మా అమ్మతో. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. సార్ రిజిస్టర్‌లో రెండేళ్లు తగ్గించి రాశారు.

ఆ రెండేళ్లే నా మెడకు చుట్టుకున్నాయి. బడిలో నా చివరి ఏడు, పదహారేళ్ల లోపు పిల్లలకు పోటీ పెట్టారు. అక్కడ ఎంపికైతే రైలెక్కి విజయవాడ పోయి ఆడొచ్చు. తప్పితే, వేసవి తర్వాత అమ్మ వెంట కార్ఖానాకే. బంతి విసిరేది నేనే. నేను లేకుంటే జట్టు లేదు. కాగితం మీద నాకు పదిహేను, నిజానికి పదిహేడు. వయసు నిజమని సార్ సంతకం పెట్టాలి.

"రిజిస్టర్ల ఉన్నది గదయ్యా, పెట్టు" అన్నారు హెడ్‌మాస్టరు.

"రాసింది నేనే గద సార్" అని ఆయన నా పేరు కొట్టేశారు.

వరండాలో అడ్డం నిలబడ్డాను. "బళ్లె ఏస్కోనీకి పనికొచ్చిన అబద్ధం, ఆడనీకి పనికిరాదా సార్?"

"దాంతోని నీకు పలక దొరికింది, ఎవ్వరి పలకా పోలే. ఇప్పుడు గదే వాడితే ఓ చిన్నపిల్ల జాగ పోతది బిడ్డా."

"మీకు రూల్సే ముద్దు. మేం కాదు."

మనిషి కన్నా నియమమే ఎక్కువనే పరిసయ్యుడు అనుకున్నాను ఆయన్ని. ప్రియులారా, ఏ పనీ చేయకూడని విశ్రాంతి దినాన కంకులు తుంచిన శిష్యులను ప్రభువు వెనకేసుకొచ్చాడని ఎన్ని వీధుల్లో అరిచి చెప్పానో! వాళ్లు ఆకలికి తుంచారు. అవే కంకులు మోపుకట్టి సంతలో అమ్మి ఉంటే ప్రభువు ఏమనేవాడు? మా సార్‌కు ఆ తేడా తెలుసు. లేఖనం చేతబట్టుకుని తిరిగే నాకు తెలియడానికి ఇన్నేళ్లు పట్టింది. తెలిశాక కూడా ఆయన దగ్గరికి పోలేదు. ఎదుటివాణ్ణి క్షమాపణ అడగమని ఊరందరికీ చెప్పి, ఉప్పల్ రోడ్డు మీద ఆయన సైకిల్ కనబడితే పక్క సందులోకి తిరిగిపోయాను.

ఆ పోటీ రోజు నేను గట్టున కూర్చుని చూస్తుండగా, ఉప్పల్ మైదానంలో మా జట్టు ఒక్క పరుగుతో ఓడింది. నా బదులు విసిరిన పిల్ల వెక్కి వెక్కి ఏడ్చింది. ఎప్పుడూ ఆట అయ్యాక సామాను మేమే పోటీపడి మోసేవాళ్లం. ఆ రోజు ఒక్కరం కూడా ముట్టలేదు. పీచు కుక్కిన గోనె బేసులు మూడూ తాడుతో కట్టి, మా వెంట నడిచే వచ్చిన ఆయనే భుజాన వేసుకున్నారు. బ్యాట్లు చంకన పెట్టుకున్నారు. నాచారం దాకా ఎండలో మేము ముందు, ఆయన వెనక. మధ్యలో ఒకసారి బ్యాట్లు జారి రోడ్డు మీద పడ్డ చప్పుడైంది. ఒక్కొక్కటే ఏరుకుంటున్నారని వింటుంటేనే తెలిసింది. నేను వెనక్కి తిరగలేదు.