కోట మెట్ల మీద మా ఆయన

దగ్గరికి జరిగి కూర్చోండి, ఫ్యాను చప్పుడులో నా మాట వినబడదు. చేతిలో పని ఉంటే చేసుకుంటూనే వినండి.

మా అమ్మాయి రుషికొండలో కంప్యూటరు ఆఫీసులో పని చేస్తుంది. ఈమధ్య సెలవు పెట్టి, తన చంటిపిల్లతో పాటు మా ఇద్దరినీ జపాను తీసుకెళ్లింది. అక్కడ ఒక కోట చూపించింది. పెద్ద గిన్నె మీద చిన్న గిన్నె బోర్లించుకుంటూ పోయినట్టు అంతస్తు మీద అంతస్తు. కప్పుల కొసల్లో తోక పైకెత్తిన చేపలు.

"ఏటి మావా, సేపల్ని ఇంటి మీద ఎండేసేరు? మన బీమిలోళ్లైతే ఇసకలో ఎండేత్తారు," అన్నాను మా ఆయనతో.

"ఎండుచేపలు కావమ్మా, కోటకి నిప్పంటుకోకుండా కాసే చేపలు," అంది అమ్మాయి.

"అయితే దగ్గిర్నించి సూడాల్సిందే," అన్నాను.

"మెట్లు నిచ్చెనలా ఉంటాయట. ఇద్దరిలో ఎవరు కాలు నొప్పి అన్నా, రేపట్నించి ఇద్దరూ హోటల్ గదిలోనే. ఎక్కడికీ తిప్పను."

మా ఆయన నవ్వాడు. ఉద్యోగమంతా హార్బరులో క్రేను మీద చేసిన మనిషి. "ఓలే, నువ్వు బెంచీ మీద కూకో. నాను సూసొచ్చి సెప్తాను. నాకిదో లెక్కా?"

ఆ మాటతో నాకు పట్టుదల వచ్చింది. నిద్రపోతున్న పిల్లతో అమ్మాయి కిందే ఉండిపోయింది.

గుమ్మం దగ్గర ఒక పెద్దాయన వంగి దండం పెట్టి, ప్లాస్టిక్ సంచులు ఇచ్చాడు. చెప్పులు విప్పి అందులో వేసుకుని లోపలికి మోసుకెళ్లాలట! విడవడం సరే, సింహాచలంలోనూ విడుస్తాం. విడిచినవాటిని మళ్లీ లోపలికి మోయడమేమిటి? నావి గుమ్మం పక్కన పొందిగ్గా పెట్టి నడిచాను. ఆయన వాటిని రెండు చేతులతో పట్టుకుని నా వెనకాలే పరుగెత్తుకొచ్చాడు. పెద్దమనిషి చేత చెప్పులు ముట్టించానే అని నేను దండం పెట్టాను. ఆయన వంగాడు. నేనూ వంగాను. మళ్లీ ఆయన.

"పొద్దుగూకేదాకా వంగుతారేటి?" అని మా ఆయన నా సంచీ కూడా లాక్కున్నాడు.

ఆ మెట్లు అచ్చం మన అటక నిచ్చెనే. కుచ్చిళ్లు నడుములో దోపి, వట్టి కాళ్ల వేళ్లతో చెక్కను పట్టుకుని, మోకాళ్లు కలుక్కుమంటున్నా ఎక్కేశాను. పై కిటికీలోంచి ఒక చేప కనబడింది. పులి మొహం, ఇంతింత పొలుసులు. కూరకు పనికిరాదు.

దిగేటప్పుడు ముందు నేను వెనక్కి తిరిగి దిగాను. చూస్తే ఆయన పైనే నిలబడి ఉన్నాడు. రెండు చేతుల్లో రెండు సంచులు, కాళ్లకు నైలాన్ సాక్సులు. నున్నటి చెక్క మీద ఒక కాలు జర్రుమంది. వెనక వరస కట్టిన జనం కిక్కురుమనలేదు. మన దగ్గరైతే ఈపాటికి నాలుగు తిట్లు పడేవి.

"రా మావా."

"వత్తన్నాను. గాలి సూత్తన్నాను."

"కోట లోపల గాలేటి?"

మీసం కింద చెమట చూశాక నాకు అర్థమైంది. జారితే కాలు విరుగుతుంది. విరక్కపోయినా, అమ్మాయికి తెలిస్తే ఇద్దరికీ హోటల్ గదే.

"సంచులు నాకియ్యి. సాక్సులు ఇప్పీ. ఎనక్కి తిరిగి, అటక మీంచి ఊరగాయ జాడీ దింపినట్టు దిగు."

"జాడీ ఏదే?"

"నువ్వే జాడీ!"

కింద నిలబడి, ఆయన మడమ పట్టుకుని ఒక్కొక్క మెట్టు మీద పెట్టించాను. కిందికి వచ్చాక, వెనక వరసలో ఆగినాయన మాకు వంగాడు. ఈసారి మా ఆయనే ముందుగా వంగాడు.

"అమ్మకి ఇబ్బందయిందా నాన్నా?" అంది అమ్మాయి, మమ్మల్ని చూడగానే.

"మెట్ల కాడ బయపడిపోయింది. నానే దగ్గరుండి దించేను!"

ఆయన కాలు జారిందని చెబితే ఇద్దరికీ గదే. మర్నాడు పడవ ఎక్కిస్తానని అమ్మాయి మాటిచ్చి ఉంది.

"అవునమ్మా, మీ నాన్న లేకపోతే నాను దిగీదాన్నా?" అన్నాను. ఆయన నా వైపు చూడకుండా పిల్లను ఎత్తుకున్నాడు. మర్నాడు ఇద్దరం పడవ ఎక్కాం.

మీ ఇంట ఎక్కినవాళ్లంతా చల్లగా దిగాలి. దిగాక ఎవరి గొప్పలు వాళ్లు చెప్పుకుంటే, అవునని తలాడించే మనిషి పక్కనే ఉండాలి. మీ పొయ్యి మీద కూడు ఎప్పుడూ వెచ్చగా ఉండాలి.